ఇస్తారి లైనుకు బెత్తెడు చెట్లు

జెర ఇటు జరుగుండ్రి. చాప గింత పెద్దగుంటె అందరు అంచుకే కూసుంటరేంది. నా గొంతు ఇప్పుడు గోడ దాక పోతలేదు. దగ్గరికొస్తె మీకు వినవడ్తది, నాకు మీ మొకాలు కనవడ్తయి. ఇది గౌరమ్మ ముచ్చట. ఈ ఊరిని ఇంకా చంద్రపూర్ అంటలేరు, చాందా అంటుండె, గప్పటిది.

గౌరమ్మ పెనిమిటి ఇస్తారి, రైల్వేల చాబీమన్. చాబీమన్ అంటె ఇప్పటోళ్లకు తెల్వది. పట్టాలు కింది దుంగల మీదికెల్లి కదలకుండ ఇనుప చాబీలు బిగించి ఉంటయి. బండి పొయ్యే అదురుకు అవి రోజింత వదులైతయి. పొద్దు పొడవంగనె భుజం మీద సుత్తె, చంకల ఎర్రజెండ, పచ్చజెండ పెట్టుకొని, ఒక్కొక్క చాబీని చూసుకుంట, వదులుంటె కొట్టి బిగించుకుంట నడవాలె. మాణిక్‌గఢ్ కాడికెల్లి విరూర్ దిక్కు మూడు మైళ్ల లైను ఇస్తారిది. పోను మూడు, రాను మూడు. ముప్పై ఏండ్లు నడిచిండు. మాపటికి వచ్చి మేస్త్రికి ఒక్క మాట చెప్పేటోడు, అంత బిగువుంది అని, లేకపోతె ఫలాన కాడ వదులుంది అని.

ఇంట్ల గూడ గదే మాట. కూరల ఉప్పెక్కువైందా అంటె, "చాబీ వదులైతె తప్పు గాదే గౌరీ. వదులైనదాన్ని బిగువుందని రిపోర్ట్ ఇచ్చుడు తప్పు. ఉప్పెక్కువైంది" అనేటోడు.

ఆ లైనున్న రాజురా తాలూకను హైదరాబాద్ రాష్ట్రంల నుంచి తీసి బొంబాయి రాష్ట్రంల కలిపిన ఏడాదే ఇస్తారికి పించను అయింది. క్వార్టర్ ఇడిచిపెట్టి ఇద్దరు చాందాకు వచ్చి, బాబుపేటల వెనక వాకిలి పెద్దగున్న ఇల్లు చూసుకున్నరు. ఒక్కతే బిడ్డ సావిత్రి, సిర్పూర్ల ఇచ్చిండ్రు. నిన్నటి దాక ఒక్కటే జిల్ల, ఇప్పుడు బిడ్డ ఆంధ్రల, తల్లిదండ్రులు బొంబాయిల. బండి మాత్రం ఎప్పటి లెక్కనె పోతుండె.

వచ్చిన ఆర్నెల్లకే ఇస్తారి కండ్లు మసకబారినయి. మోతిబిందు, కంట్ల శుక్లం. ఎలుగు చీకటి తెలుస్తుండె గని మనిషి మొకం తెలుస్తలేదు. నడిచిన మనిషి కూసున్నడు. గోడ దిక్కు మొకం పెట్టి పొద్దంత కూసుంటుండె. దీపావళి దాటినంక ఏడాదికొక్కసారి వరోరల కండ్ల క్యాంపు పెడ్తరు, పెద్ద డాక్టర్లు వస్తరు, పోదాం పట్టు అని గౌరమ్మ అంటె ఒకటే జవాబు.

"ఏం చూడాలెనే? స్టేషన్ల బోర్డులు మరాఠిల మారుస్తుండ్రట. కచేరిల కాగితాలు మారినయట. నా కండ్లల్ల ఉన్న లైను నాకు చాలు."

అసలు సంగతి గౌరమ్మకు ఎరికే. ఇస్తారి అన్న దేవన్నకు గిట్లనే మోతిబిందు వస్తె, ఊర్లు తిరిగే వైద్యుడెవడో కంట్ల సూది పెట్టిండు. ఉన్న ఎలుగు సుత పోయింది. ఆ అరుపు ఇస్తారి విన్నడు. గని భయమైతుందని నోటికెల్లి రాదు కద మొగోనికి. బోర్డుల మీద పెడ్తుండె. గౌరమ్మకేమో వేరే భయం. మోతిబిందు పండినంక కోయకపోతె లోపల్నే పగుల్తది, ఇగ దేవుడు దిగొచ్చినా కన్ను రాదు అని వరోర పోయొచ్చినోళ్లు చెప్పిండ్రు. ఇంక ఎన్నొద్దులున్నయో ఆమెకు తెల్వది.

పక్కింట్ల అప్పలనర్సయ్య ఉంటుండె. బల్లార్షా షెడ్డుల ఫిట్టరు, వాల్తేరు దిక్కు మనిషి, నోరు ఊకె ఉండదు. ఇస్తారి గోడకు కూసునుడు చూసి చూసి, ఒకనాడు జిన్నింగు మిల్లుకాడ పత్తి బేళ్లకు చుట్టే ఇనుప పట్టీలు ఒక మోపు తెచ్చి వాకిట్ల పడేసిండు.

"ఏటన్నా, గోడనలా సూస్తే గోడ పరుగెడతాదా? లెగు. లైనేద్దాం."

"ఏ లైను?"

"నీ లైనే. మాణిక్‌గఢ్ నుండి విరూర్."

ఇస్తారి నవ్విండు. ఆర్నెల్లకు అదే మొదటి నవ్వు. ఆ నవ్వుకు గౌరమ్మ పొయ్యి మీది అన్నం మాడిపోయింది.

వాన కాలం వెళ్లే దాక ఇద్దరు అదే పని. టేకు చెక్కలు చీల్చి దుంగలు చేసిండ్రు. పట్టీలను నిలువున పాతి మేకులు కొట్టిండ్రు. బావి గట్టు చుట్టు ఒక మలుపు, జామచెట్టు కింద ఒక ఎత్తు, బట్టలుతికే బండ పక్కకు వాగు మీది బ్రిడ్జి. వాకిలంత లైను. గోలెం కాడ గిన్నెలు తోముకునేటందుకు గౌరమ్మకు రెండడుగుల జాగ మిగిలింది. అప్పలనర్సయ్య రేకు డబ్బ కోసి ఇంజను చేసిండు, పాత గోడ గడియారంల స్ప్రింగు తీసి దాంట్ల పెట్టిండు. చాబీ తిప్పితె బావి మలుపు దాక పోయి అలిసిపోతుండె. "నల్లరంగేసినానన్నా, అసలు ఇంజను లాగే నిగనిగలాడతంది" అని చెప్పిండు.

ఇస్తారి మోకాళ్ల మీద కూసొని పట్టాలమీద చెయ్యి పెట్టి, ఒక్కొక్క దుంగ లెక్కవెట్టుకుంట లైనంత పోయిండు. వచ్చి కూసున్నడు.

"లైను బాగుంది. గని చెట్లేవి? మైలురాయి దాటినంక రెండు దిక్కుల అడివి. ఆ అడివి లేకపోతె నేను యాడున్ననో నాకెట్ల తెలుస్తది?"

చెట్ల పని గౌరమ్మ మీద పడ్డది. ఆమె తులసి కొమ్మలు గుచ్చింది. ఇస్తారి తడిమి చూసి, "ఈ ఆకు కింద రైలు బండే నీడకు నిలవడ్డట్టుంది" అన్నడు. చింత రెమ్మలు పెట్టింది, పగటి పూటకే ముడుచుకున్నయి. ఏం ఆకు పెట్టినా రైలు కన్న పెద్దగనే ఉండె.

అప్పుడు యాదికొచ్చింది సర్కారు బంగ్ల కంచెకున్న మోర్‌పంఖి చెట్టు. చూసే ఉంటరు, దాని ఆకు ఆకు లెక్క ఉండదు, సన్న సన్న పొలుసులు ఒకదాని మీదొకటి అతుక్కొని నెమలి ఈక లెక్క పరుచుకుంటది. ఎండకాలం వానకాలం ఒక్కటే పచ్చ. బెత్తెడు కొమ్మ తుంపి నిలబెడితె బెత్తెడు చెట్టే అది. దూరంకెల్లి చూస్తె నలబై అడుగుల మాను.

సర్కారు బంగ్లల మాలీ సమ్మన్న. గౌరమ్మ, ఆమె భుజం పట్టుకొని ఇస్తారి, ఇద్దరు పోయిండ్రు. గౌరమ్మ కత్తెరతోని సాపుగ, ఒక్క తీరు నలబై కొమ్మలు కోసింది. ఇస్తారికి కత్తెర ఎందుకు ఇస్తరు. ఊకె నిలవడలేక చెయ్యి చాపి, దొరికిన ఒక్క పిల్ల కొమ్మను పట్టి కిందికి గుంజిండు. అది ముసలి కొమ్మ బెరడు ఇంత చీల్చుకొని వచ్చింది.

"కొమ్మ చీరకు మామా, చెట్టుకు గాయమైతది" అని సమ్మన్న గొణిగిండు. గౌరమ్మతోని అన్నడు, "అక్కా, ఇసుకల పెట్టు. నీడకుంచు. తడి ఆరొద్దు, నీళ్లు నిలవొద్దు. మొత్తానికి కదిలియ్యకు."

"నారు పోసి నాటేసిన చెయ్యిరా ఇది. నువ్వు నాకు నేర్పుతవా?"

నాటేసిన చెయ్యే గద, వరి నాటు లెక్కనె నాటింది. నల్లరేగడి బురద చేసి, పొద్దుమాపు నీళ్లు నిలబెట్టి. మల్ల మూడొద్దులకొకసారి ఒక్కొక్కదాన్ని జెర పీకి చూస్తుండె, వేరు పట్టిందా లేదా అని. చూసి మల్ల గుచ్చుతుండె. ఇస్తారి మాత్రం తన ఒక్క కొమ్మ తనే పెడ్త అన్నడు. తడుముకుంట తడుముకుంట లైను దాటి, నీళ్ల కుండల దిమ్మె కింద, కుండ ఊట కారే జాగల ఇసుకల గుచ్చిండు.

అప్పలనర్సయ్య చూసి పడిపడి నవ్విండు. "అన్నా, నీ చెట్టు హద్దు దాటి ఆంధ్రాలో పడింది."

"పడనీ. మా బిడ్డ సుత ఆడనే ఉంది."

దీపావళి దాటింది. వరోర క్యాంపుకు పోదామని గౌరమ్మ సంచి సర్దింది. ఇస్తారి బండి ఎక్కనన్నడు. ఆమె ఏడ్వలే, కొట్లాడలే, దిమ్మె మీద కూసొని ఊకున్నది. ఆమె ఊకుంటె ఇస్తారికి నడవది. ఆఖరుకు అన్నడు, "చెట్లు నాటుకోనియ్యే గౌరీ. అవి పట్టినయంటె వచ్చే ఏటికి నేనే నీ ముందు నడుస్త. మాట."

గా దినం కాడికెల్లి గౌరమ్మకు నలబై కొమ్మలు కొమ్మలు గావు, పెనిమిటి రెండు కండ్లు.

చలికాలమంత అవి పచ్చగున్నయి. వాడకట్టోళ్లు వచ్చి చూసి ముక్కు మీద వేలేసుకున్నరు. ఇస్తారి పొద్దున లేవంగనె లైను మీద చెయ్యి పెట్టుకుంట పోయి, ఒక్కొక్క చెట్టును అరచేత్తో దువ్వి, చెయ్యి వాసన చూసుకుంటుండె. కర్పూరం తీరు వాసన. "విరూర్ గుట్ట మొదలైంది" అనేటోడు. "పట్టినయా?" అని అడిగేటోడు. "పట్టినయి" అంటుండె ఆమె. పచ్చగ కనవడ్తున్నయని పీకి చూసుడు సుత ఇడిచిపెట్టింది, ఇంకేమంటది.

కామునిపున్నం వచ్చింది, ఎండ తిరిగింది. ఒక్క వారంల నలబై చెట్లు ఇటుక రంగుకు వచ్చినయి. పీకితె కుంపట్ల గుచ్చిన పుల్ల లెక్క వచ్చినయి, కింద నల్లగ మురిగి. వెంట్రుకంత వేరు లేదు.

ఆమె సమ్మన్న కాడికి ఉరికింది. సమ్మన్న కొమ్మను ఇటు తిప్పి అటు తిప్పి చూసిండు. "దీని గుణమే గంత అక్కా. వేరు రాకున్నా నాలుగైదు నెల్లు పచ్చగనె ఉంటది, వెంట తెచ్చుకున్న తడితోని. సచ్చిపోయింది దానికే తెల్వది, మనకేం తెలుస్తది."

గౌరమ్మ ఇంటికి రాలే. ఆడనే కత్తెర అడిగింది. నిజం చెప్తె ఆ ఒక్క మాటకు మనిషి కండ్లు పోతయి అనిపించింది ఆమెకు. పట్టలేదంటె ఆయనకు మంచి సాకు దొరుకుతది. వచ్చే క్యాంపు దాక నడిపిస్తె చాలు, తర్వాత ఏమన్న అననీ. గట్ల వారానికి ఒకసారి, ఇస్తారి పగటి కునుకు తీసినప్పుడు, ఎండినవి పీకుడు కొత్తవి గుచ్చుడు. బంగ్ల కంచె ఒక దిక్కు బోడిగైంది.

"సాహెబ్ అడిగిండు అక్కా. మేక తిన్నదని చెప్పిన" అన్నడు సమ్మన్న. "ఆ మేకకు కత్తెర ఉందని చెప్పలే."

ఆమె నవ్వింది గని ఇంటికొచ్చినంక నవ్వు నిలవలే. పొద్దున్నె ఇస్తారి "పట్టినయా" అని అడుగుతడు, "పట్టినయి" అని ఆమె అంటది. ముప్పై ఏండ్లు రిపోర్ట్ తప్పు చెప్పని మనిషికి రోజుకొక తప్పు రిపోర్ట్. ఇంకొకటి సుత ఆమెకు కొరుకుతుండె. ఆ దొంగ అడివిల ఆయన హాయిగున్నడు. గుడ్డితనం ఆయనకు తియ్యగైతుంది. తీపి చేసేది తనే.

చాందా ఎండ గురించి మీకు నేను చెప్పాల్నా. మే నెల, పొద్దున తొమ్మిదిటికె గచ్చు కాల్తది. ఒకనాడు ఇస్తారి లైను చూసొచ్చి, మంచం మీద కూసొని, చాయ్ పట్టుకొని తాగకుండ ఉన్నడు.

"గౌరీ. బావి మలుపు కాడి చెట్టు పదిహేనొద్దుల కింద బెత్తెడు మీద రెండు వేళ్లుండె. మొన్న బెత్తెడే ఉండె. ఇయ్యాల బెత్తెడు మీద మూడు. చెట్టు పెరుగుడు చూసిన. చెట్టు కురుచ అవుడు నా జన్మల చూడలే."

గౌరమ్మ "మేక..." అన్నది.

"మేక తింటె కురుచైతది. మల్ల మూడు వేళ్లు అదే అతికిచ్చి పోయిందా?"

చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అంత చెప్పింది. కామునిపున్నం కాడికెల్లి చెప్పింది. ఇస్తారి కోపానికి రాలే. వస్తె ఆమెకు నయముండేది. చాయ్ కింద పెట్టి, "పీకు. అన్ని పీకు" అన్నడు.

ఆమె పీకుకుంట పోయింది. ఆయన పక్కన గొంతుకూసొని వింటున్నడు. ఒక్కొక్కటి సప్పుడు లేకుండ వచ్చింది. నలబై. లైను మల్ల బోడిగైంది.

"ఆంధ్రలది?"

దాన్ని ఆమె మర్చే పోయింది. దిమ్మె కింద సందుల, నీడకు, జెర వెలిసిన రంగుల అది నిలవడి ఉండె. ఎవ్వరు పీకి చూడలే దాన్ని, ఎవ్వరు నీళ్లు పొయ్యలే. ఆమె రెండు వేళ్లతో పట్టి గుంజింది.

రాలే.

"ఏమైంది?" అన్నడు ఇస్తారి.

"వస్తలేదు."

"గుంజకు." ఆయన దోగాడుకుంట వచ్చి, వేళ్లు పెట్టి కొలిచిండు. ఒకసారి, మల్ల ఒకసారి. "పెట్టిననాడు బెత్తెడు. ఇప్పుడు బెత్తెడు మీద ఒకటిన్నర. నువ్వేం మార్చలేదు కద దీన్ని?"

"లేదు. సావిత్రి మీద ఒట్టు."

ఆ మాపు సమ్మన్న వచ్చి చూసిండు. మట్టి కదిలియ్యకుండ ఇసుకను జెర పక్కకు తోసి చూపెట్టిండు. ఇస్తారి గుంజినప్పుడు కొమ్మ కొసకు ముసలి బెరడు అతుక్కొని వచ్చింది కద, మనిషి కాలికి మడిమె ఉన్నట్టు, ఆ మడిమెకు వేర్లు పడ్డయి. కత్తెర కోతకు మడిమె ఉండదు. "మామ చీరిండని తిట్టిన. చీరిందే బతికింది" అన్నడు సమ్మన్న.

సమ్మన్న పోయినంక మొగడు పెండ్లాము దిమ్మె మీద కూసున్నరు. గౌరమ్మ అన్నది, "నీకు రోజు తప్పు రిపోర్ట్ ఇచ్చిన. కొడ్తవా తిడ్తవా, ఏదన్న చెయ్యి."

"ఎందుకిచ్చినవ్?"

"పట్టలేదంటె నువ్వు వరోర రావు."

ఇస్తారి కుండ ఊట చుక్క చుక్క పడుడు విన్నడు.

"నేను సుత ఇచ్చిన" అన్నడు. "బోర్డులు మారినయి, అందుకు చూడ అని చెప్పిన కద. అది తప్పు రిపోర్ట్. దేవన్న అరుపు నా చెవులకెల్లి పోతలేదే గౌరీ. గా సూది..." ఆమె చెయ్యి పట్టుకున్నది. ముప్పై ఏండ్ల సంసారంల ఆయన భయమైతుందని అన్నది గదే మొదలు.

"మాట ప్రకారం చెట్లు పట్టాలె" అన్నది ఆమె మెల్లగ. "పట్టింది ఒక్కటే."

"చెట్టే కద."

వానలు పడ్డయి. ఆంధ్ర చెట్టు మూడు కొత్త ఈకలు ఇడిసింది. దీపావళి దాటినంక ఇస్తారి, ఇచ్చిన మాట ప్రకారం ఆమె ముందు నడిచిండు. స్టేషన్ దాక రెండు సార్లు గోడకు తాకిండు, మల్ల ముందే నడిచిండు. వరోరల ఎవ్వరు సూదితో పొడవలే. మత్తుచుక్కలేసి, చూస్తుండంగనె మోతిబిందు తీసేసిండ్రు. దేవన్నకు చేసింది వైద్యమే గాదట. కండ్లకు గుడ్డకట్టి, తల కదిలియ్యకుండ వారం రోజులు వెల్లికిల పండవెట్టిండ్రు. దగ్గొద్దు, తుమ్మొద్దు. మాణిక్‌గఢ్ కాడికెల్లి విరూర్ దిక్కు తన మూడు మైళ్లల్ల ఎన్ని చాబీలో మనసుల లెక్కవెట్టుకుంట పండుకున్నడట మనిషి.

తిరుగు బండిల సీసా అడుగంత మందం కండ్లద్దాలు పెట్టుకొని కిటికీకెల్లి చూస్తుండు. చాందా స్టేషన్ వచ్చింది. బోర్డును చాన సేపు చూసిండు.

"మారిందా?" అన్నది గౌరమ్మ.

"ఏమో. చదువొస్తె గద."

"మరి రెండేండ్ల సంది బోర్డు బోర్డు అంటివి."

"చదవకున్నా దాని మొకం నాకు ఎరికే ఉండె" అన్నడు. మల్ల చూసి, "ఇది సుత ఎరికైతది తియ్యి" అన్నడు.

ఇంటికి రాంగనె చెప్పులు ఇప్పకుండ దిమ్మె కాడికి పోయి వంగి, చెట్టును చూసిండు. వేళ్లతో కొలవలే, ఉత్తగ చూసిండు. తర్వాత లైను చూసిండు. బోడి లైను, తుప్పు పట్టిన పట్టీలు, గుంతలు గుంతలు. తర్వాత ఇంజను చేతిల పట్టుకొని పక్కింటి దిక్కు కేకేసిండు.

"అప్పలనర్సయ్యా. నల్లరంగేసినన్నవ్. ఇదేంది, నూనె డబ్బ మీది తామర పువ్వు అట్లనే ఉంది?"

అప్పలనర్సయ్య గోడ మీదికెల్లి తలకాయ పెట్టిండు. "కనపడదనుకున్నానన్నా."

"వాడకట్టంత తప్పు రిపోర్టే" అన్నడు ఇస్తారి. అప్పుడు గౌరమ్మ దిక్కు తిరిగి చూసిండు, అద్దాలు సవరించుకొని. "నీ జుట్టెప్పుడు తెల్లబడ్డదే?"

"నువ్వు గోడను చూస్తున్నప్పుడు."

మరుసటి వానకాలం ఆ ఒక్క చెట్టుకు, బంగ్ల కంచెకు, ఇస్తారి తన చేత్తోనే పిల్ల కొమ్మలు చీరిండు. ఒక్కొక్కదానికి మడిమె ఉందా లేదా అని అద్దాల కింద చూసి చూసి. ఇసుకల పెట్టి, ఎవ్వరు ముట్టొద్దన్నడు. గౌరమ్మ చెయ్యి ఊకుండక దిమ్మె దాక పోతుండె, కొంగున చెయ్యి కట్టేసుకొని మల్ల వస్తుండె. ముప్పైల పదకొండు పట్టినయి. పదకొండు చెట్లతోని అడివి గాదు, గని ఇస్తారి వాటినే విరూర్ గుట్ట అన్నడు. ఆంధ్రలది మాత్రం ఆడనే ఉండనిచ్చిండు. ఇప్పుడు ఆ వాకిట్ల లైను లేదు, తుప్పుకు పోయింది. చెట్టు మాత్రం ఇంటి కప్పు దాటింది.

ఇగ లేవుండ్రి, కాళ్లు తిమ్మిరెక్కినయి మీకు. ఒక్క మాట అడుగుత. ఈ ముచ్చటను యాది పెట్టుకొని మీ పిల్లలకు చెప్పుండ్రి. చెప్పేటప్పుడు సాపుగ ఉంటదని కత్తెరేసి కొయ్యకుండ్రి. గౌరమ్మ ఆడిన అబద్ధం, ఇస్తారి భయం, ఇంజను మీది పువ్వు, అన్ని ఉండనియ్యుండ్రి. నా కాడికెల్లి జెర బెరడుతోనే చీరుకొని పోండ్రి. గట్లయితెనే మీ కాడ వేరు పడ్తది.